కేలండరు చూసి కట్టిన షాదీఖానా

జగ్గయ్యపేటలో గాజుల రహీమాబీ చెయ్యి పడని పెళ్ళికూతురు లేదు. నెత్తిన బుట్ట పెట్టుకుని చిల్లకల్లు దాకా తిరిగేది. ఎవరింట పెళ్ళి కుదిరినా మొదటి కబురు ఆవిడకే. పిల్ల చెయ్యి నొక్కి నొక్కి, నొప్పి తెలియకుండా కబుర్లు చెబుతూ గాజులెక్కించేది. చిల్లకల్లులో దుర్గాంబగారు తమ అమ్మాయి పెళ్ళికి రహీమాబీని ముందు వరసలో కూర్చోబెట్టారు. తాళి కట్టడం, తలంబ్రాలు పోసుకోవడం అన్నీ కళ్ళారా చూసింది. వారం రోజులు పేటంతా ఆ ముచ్చటే.

సొంత కూతురి నికా మాత్రం చూడలేదు. పెద్దపిల్ల పెళ్ళి వీధిలో పందిరేసి చేశారు. ఆడవాళ్ళకి అడ్డంగా దుప్పటి కట్టారు. ఆ దుప్పటి మీద ఓ నెమలి బొమ్మ ఉంది. కూతురి పెళ్ళిలో రహీమాబీ చూసిందల్లా ఆ నెమలినే. అవతల ఖర్జూరాలు విసిరిన సందడి వినపడ్డాక ఎవరో వచ్చి, అయిపోయింది, ఏడవొచ్చు అన్నారు.

ఏడుపు అక్కడితో అయిపోతే బాగుండేది. పెద్దల్లుడు కోపమొచ్చినప్పుడల్లా, "నేనొప్పుకున్నానా ఈ పెళ్ళికి? పెద్దాళ్ళు కట్టబెట్టారు" అని ఎగిరేవాడు. నికాలో పెళ్ళికొడుకు మూడుసార్లు 'కబూల్' అనాలి, అంటే ఒప్పుకున్నానని. అన్నాడో లేదో, ఎలా అన్నాడో చూసుంటే కదా అడగడానికి! ఊరందరి ముందూ గలగలా మాట్లాడే మనిషి అల్లుడి ముందు మూగదైపోయేది. రెండోపిల్ల షాజాది పెళ్ళిలో ఆకాశం విరిగి మీదపడ్డా సరే, ఆ మాట అనేవాణ్ణి కళ్ళతో చూడాల్సిందేనని అప్పుడే నిశ్చయించుకుంది.

1979లో పెళ్ళిళ్ళకి షాదీఖానా కడదామని కమిటీ వేశారు. ప్రెసిడెంటు జిలానీ సాహెబుకి రెండు లారీలూ, చాలా అభిప్రాయాలూ ఉండేవి. హాలుకి చోటుంది గాని వంటశాలకి లేదు. వెనకాల రహీమాబీ పెరడు ఉంది. కమిటీ అంతా కలిసి ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"తీసుకోండి తమ్ముడూ," అంది రహీమాబీ. "మగాళ్ళకీ మాకూ మధ్య గోడలో చిల్లుల జాలీ కిటికీ పెట్టించండి. ఆడాళ్ళకి నికా కనపడాలి. ఇంకేం అడగను."

"పెట్టిస్తా ఆపా. ఒట్టు," అన్నాడు జిలానీ.

మాట తప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

జిలానీ బావమరిది కువైట్ నుంచి ఓ కేలండరు పంపాడు. అందులో పాలరాతి భవనం, పెద్ద గుమ్మటం, కమాన్లు, నక్షత్రాలు చెక్కినట్టున్న జాలీలు. ఎవరు ఏ సలహా చెప్పబోయినా జిలానీ ఆ కేలండరు చూపించి, "ఇస్లామిక్ డిజైనంటే ఇదీ" అనేవాడు. కట్టేది మేస్త్రీ జ్ఞానయ్య, కంచికచర్లలో చర్చి కట్టినవాడు. బొమ్మ చేతికిస్తే ఏదైనా దించగలడు. గుమ్మటం కొస మాత్రం కేలండరు పైనున్న రేకు పట్టీ కింద దాగిపోయింది. అక్కడేముంటుందని కమిటీ రెండు నెలలు వాదించుకుంది. ఆఖరికి జ్ఞానయ్య రేకు ఊడదీశాడు. కింద తెల్ల కాగితం, మేకు బెజ్జం ఉన్నాయి.

బొమ్మలో భవనానికి మేడ ఉంది. జాలీలున్నది ఆ మేడ మీద. పేటలోనేమో సిమెంటు కావాలంటే సర్కారు పర్మిట్లు. ఊరి మీదుగా రోజూ సిమెంటు లారీలు పోతూనే ఉండేవి, వాటిలో రెండు జిలానీవే, అయినా షాదీఖానాకి బస్తా పుట్టేది కాదు. చివరికి మేడ మానుకున్నారు. జాలీ మాత్రం మానుకోలేదు. కేలండరులో ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తునే పెట్టారు.

రహీమాబీ చూడ్డానికొచ్చింది. పొట్టి మనిషి. చెయ్యెత్తినా జాలీ అంచు అందలేదు.

"ఇదేంది జ్ఞానయ్యా, మాకు కనపడేదెట్లా?"

"బొమ్మలో అక్కడే ఉందమ్మా. నన్నేం చేయమంటారు?"

జిలానీ దగ్గరికి పోయింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. "కిందికి దించితే అందం పోద్ది ఆపా. డిజైను చెడిపోద్ది."

"అందం మీరు చూసుకోండి తమ్ముడూ. నేను చూడాల్సింది అల్లుణ్ణి."

జిలానీ నవ్వేసి కొబ్బరినీళ్ళు ఇప్పించాడు. ఆ రాత్రి రహీమాబీకి పెరడు పోయినందుకు కాదు, నవ్వినందుకు ఏడుపొచ్చింది.

షాదీఖానాలో మొదటి పెళ్ళి షాజాదిదే. పెళ్ళికొడుకు బాజీ, నందిగామలో బస్సు డ్రైవరు. మగపెళ్ళివారు రాగానే జిలానీ వాళ్ళ పెద్దల్ని వెంటేసుకుని హాలంతా తిప్పాడు. కమాన్లు చూపించాడు, గుమ్మటం చూపించాడు. ఈలోగా వెనకవైపు వంటమనిషి, అన్నం వండడానికి కడిగి బోర్లించిన పెద్ద డేగిసాలు కనపడక గోల పెడుతున్నాడు. వెతుక్కుంటూ ఆడవాళ్ళ గదిదాకా వచ్చి గుమ్మంలోంచే తొంగిచూశాడు. డేగిసాలు గోడవారగా బోర్లించి ఉన్నాయి. వాటిమీద రహీమాబీ, ఆవిడ పక్కన చుట్టాలందరూ నిలబడి ఉన్నారు.

"అమ్మా, ఎసరు పెట్టాలి. దిగండమ్మా."

"నికా అయ్యాక దిగుతా. ఆకలి ఆగుద్ది, నికా ఆగదు."

రహీమాబీ జాలీ నక్షత్రంలో కన్ను పెట్టింది. పెళ్ళికొడుకు కనపడలేదు. మొహమంతా సెహరా, పూలదండల ముసుగు. ఇంత చేసి, అప్పుడు నెమలి, ఇప్పుడు పూలా అనుకుంది. నికా చదివే ఖాజీ అడిగాడు. బాజీ మొదటిసారి 'కబూల్' అన్నది సగం గొంతులోనే ఉండిపోయింది. అప్పుడు చేత్తో పూలు పక్కకి తీసి, చెమట తుడుచుకుని రెండోసారి అన్నాడు. మూడోసారి హాలంతా వినపడేట్టు అన్నాడు. రహీమాబీ కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకుంటే చూడ్డం ఆపాల్సొస్తుందని తుడుచుకోలేదు.

అదే సమయానికి జిలానీ నందిగామ పెద్దలతో, "మా జాలీ చూశారా?" అంటూ తలెత్తాడు. ప్రతి నక్షత్రంలోనూ కాటుక పెట్టిన కన్ను ఉంది. పెద్దలు గబుక్కున తలలు దించేసుకున్నారు. బిర్యానీ సాయంత్రానికి గాని ఉడకలేదు.

కమిటీ మళ్ళీ కూర్చుంది. గోడ పగలగొడితే డిజైను పోతుంది గనక, జాలీ కింద ఆడవాళ్ళ వైపు జ్ఞానయ్య చేత సిమెంటు అరుగు కట్టించారు. సరిగ్గా డేగిసా ఎత్తు. అది కూడా ఇస్లామిక్ డిజైనేనని జిలానీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

మూడేళ్ళ తర్వాత ఏదో చిన్న మాట పెద్దదై షాజాది పుట్టింటికొచ్చింది. వెనకే బాజీ వచ్చి గుమ్మంలో నిలబడి అరిచాడు. "నేనొప్పుకున్నానా అత్తా? పెద్దాళ్ళు చేశారు ఈ పెళ్ళి!"

రహీమాబీ గాజులు సర్దడం ఆపింది. "మొదటిసారి నీకు గొంతు పెగల్లేదు. రెండోసారి చేత్తో పూలు పక్కకి తీసి, చెమట తుడుచుకుని అన్నావు. మూడోసారి గట్టిగా అన్నావు. నీ నోరు కదలడం నేను చూశా నాయనా."

"నువ్వెట్లా చూశావు?" అన్నాడు బాజీ.

"డేగిసా ఎక్కి."

బాజీ చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు. రహీమాబీ వాళ్ళిద్దరికీ టీ పెట్టడానికి లేచింది.