అట్టకు అంటించని బొమ్మ

కాగితాన్ని రెండు వైపులా వాడాలన్నది నేను పెట్టిన నియమం. తొంభైల నడుమ ద్రాక్షారామానికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, ఆ ఆదేశాన్ని నా చేతితోనే రాసి ఉపాధ్యాయుల గది గోడకు అతికించాను. దానిని తు.చ. తప్పకుండా పాటించినది మా డ్రాయింగు మేస్టారు ఒక్కరే.

ఆయనకు కాకినాడలో పాత పుస్తకాల దుకాణంలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. బ్రెజిల్ దేశంలో బొమ్మలు వేసి, పుస్తకాలు కూడా రాసిన ఒక చిత్రకారిణి జీవితం అది. దానిని పిల్లల కోసం బొమ్మలుగా వేస్తానంటే పన్నెండు షీట్లు మంజూరు చేశాను. కాఫీ తోటల్లో ఆమె బాల్యం, పడవ ప్రయాణం, చెయ్యి వణికి కుంచె వదిలి కలం పట్టిన వృద్ధాప్యం, అన్నీ నీటి రంగుల్లో వేశారు. పడవ బొమ్మ చూసి మాత్రం నేను ఊరుకోలేకపోయాను.

“బ్రెజిల్ నదిలోకి మన కోటిపల్లి రేవు పడవ ఎలా వెళ్ళిందండీ?”

“నేనెక్కిన పడవ అదొక్కటే కదండీ! ఆవిణ్ణి కూడా అందులోనే ఎక్కించేశాను,” అని మేస్టారు నవ్వారు.

తనిఖీకి ముందు వారం ఆయన సెలవులో ఉన్నారు. అధికారుల ఎదుట బొమ్మలు చుట్టలు చుట్టుకుపోయి వేలాడడం నాకు సమ్మతం కాదు. అటెండరు చేత మైదా ఉడికించి, వాటిని దళసరి అట్టలకు అంటింపజేశాను. షీట్ల వెనుక పెన్సిలు రాత నా కంట పడకపోలేదు. పాఠానికి చిత్తుప్రతి కాబోలనుకున్నాను, చదవలేదు. అంచు వంకరగా ఉందని పడవ బొమ్మను మాత్రం తీసి బీరువాలో పడేశాను.

సెలవు నుంచి వచ్చిన మేస్టారు అట్టల అంచులను వేలితో తడిమి చూశారు.

“గట్టిగా అంటించారండీ,” అన్నారు.

మెచ్చుకున్నారనే అనుకున్నాను.

ఆయన కాలం చేసిన ఏడాదికి, నేను పదవీ విరమణకు దగ్గరపడి ఉండగా, వారి భార్య బడికి వచ్చారు.

“ఆ బ్రెజిల్ ఆవిడ కథంతా బొమ్మల వెనకాలే రాశారంటండీ. ఇంట్లో వేరే ప్రతి లేదు. పుస్తకంగా వేయిద్దామని వచ్చాను. తడిపితే ఊడిరావా అండీ?”

ఒక అట్ట మూలన తడిగుడ్డ అద్దాను. మైదా మెత్తబడక ముందే కాఫీ తోట ఎరుపు గుడ్డకు అంటింది.

“వద్దండీ, వద్దు,” అన్నారావిడ. “ఉన్నదాన్నయినా ఉండనివ్వండి.”

అప్పుడు బీరువాలోని బొమ్మ గుర్తుకు వచ్చింది. దాని వెనుక రాతను నిలబడే పైకి చదివాను. పడవ రేవు వదిలింది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఊరు చిన్నదైపోతుందని భయం. ఒడిలోని రంగుల పెట్టె మూత తీసి... అక్కడికి కాగితం అయిపోయింది.

“తీసి?” అన్నారావిడ.

తరువాతి షీటు మా ఎదురుగానే, అట్ట మీద, ఒక్క ముడతైనా లేకుండా ఉంది.

పదకొండు అట్టలనూ ఆటోలో పెట్టుకున్నారు. పడవ బొమ్మను నా చేతికే తిరిగి ఇచ్చారు. “ఇంతకాలం దాచింది మీరే కదండీ, మీ దగ్గరే ఉండనివ్వండి.”

దాచలేదని చెప్పకుండానే అందుకున్నాను.

ఇప్పటికీ దానిని నా బల్ల మీద బోర్లించే ఉంచుతాను. ‘మూత తీసి’ వరకు చదువుతాను. ఆ తరువాత మేస్టారి గొంతు కోసం కాసేపు ఆగుతాను.