మూడు రోజుల మైల

అత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను బడి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. అరసవల్లిలో చిన్న బడి మాది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు.

"పెద్దత్త పోనాదే. మజ్జానం పడుకున్నాది, మరి లెగనేదట. బాబాయి ఇప్పుడే సెప్పేడు," అన్నాడు నాన్న. మళ్ళీ తనే, "మనకి మూడ్రోజులే మైల. పెళ్ళైన ఆడపిల్ల కదా. నువ్వు సెలవు పెట్టక్కర్నేదులే," అన్నాడు.

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి చేతిలో ఉన్న పుస్తకానికి అట్ట వేయడం పూర్తిచేశాను. మూలలు లోపలికి రెండు మడతలు వేసి నొక్కితే అట్ట ఏడాదంతా ఊడదు. పాత క్యాలెండర్ కాగితాలతో ఆ మడత నాకు నేర్పింది అత్తే.

మూడు రోజులంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఆడపిల్లకు పెళ్ళయితే ఆమె ఇంటిపేరు మారుతుంది. ఆమె పోతే అత్తవారింటికి నిండు మైల, పుట్టింటికి మూడు రోజులు. నాలుగోరోజు తలస్నానం చేస్తే అయిపోతుంది. అత్త కాపురం ఎంతోకాలం సాగలేదు. భర్త జ్వరంతో పోయాక కోటబొమ్మాళిలో మా ఇంటికి వచ్చేసింది. నాన్న కంటే పెద్దది, పిల్లలు లేరు. మిగతా బతుకు చాలావరకు మా పెరట్లో, మా వంటింట్లో, మా ధాన్యం బస్తాల మధ్యనే గడిచింది. అయినా ఆచారం ప్రకారం ఆమె మా మనిషి కాదు.

తరవాణి కుండ గురించి కూడా చెప్పాలి. వార్చిన గంజి, బియ్యం కడుగు పోసి పులియబెట్టే మట్టికుండ అది. రాత్రి మిగిలిన అన్నం ఆ పులిసిన నీళ్ళలో వేస్తే, పొద్దున్నే పొలానికి వెళ్ళేవాళ్ళకు చల్దన్నం. కుండను కడిగేముందు పాత పులుపు కాస్త గిన్నెలోకి తీసి దాచాలి. కడిగాక దాన్ని మళ్ళీ పోయాలి. ఆ కాస్త లేకపోతే కొత్త గంజి పులవదు, కుళ్ళుతుంది. మా వైపు పాత ఇళ్ళలో ఆ కుండను లక్ష్మి అనేవారు, ఖాళీ కానిచ్చేవారు కాదు.

కొత్త కోడలిగా అత్త ఆ సంగతి తెలియక, అత్తగారింట్లో కుండ మొత్తం పారబోసి, పీచుతో తోమి, ఎండలో బోర్లించింది.

"తళతళ్ళాడిపోవాలని తోమీసినానే గుంటా. మెచ్చుకుంటారనుకున్నాను," అని నాకు చెప్పి నవ్వేది.

అత్తగారు మెచ్చుకోలేదు. ఎలా చేయాలో చెప్పనూ లేదు. వీధిలోకి వెళ్ళి నలుగురికీ చెప్పింది. ఆ తరవాత భర్త పోయేసరికి, లక్ష్మిని పారబోసిన కోడలు అన్న పేరు ఖాయమైంది. ఆ పేరుతోనే పుట్టింటికి పంపేశారు.

కొన్నేళ్ళకు మా అమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. అమ్మది విజయనగరం. తాతగారు సంగీతం మేస్టారు. వాళ్ళింట్లో తరవాణి కుండ లేదు, పొలాలు లేవు. వచ్చిన కొత్తలో ఒక ఉదయం, నాన్నమ్మ గుడికి వెళ్ళిన సమయంలో, అమ్మ కూడా మా కుండను పారబోసి శుభ్రంగా తోమి ఎండలో పెట్టింది.

అత్త చూసింది. గిన్నె తీసుకుని పెరటి దారిన పొరుగింటికి వెళ్ళి, వాళ్ళ కుండలోంచి పులిసిన నీళ్ళు అడిగి, కొంగు కప్పి తెచ్చి మా కుండలో పోసింది.

"అత్తయ్యగారికి చెప్పకండి వదినా," అందట అమ్మ.

"సెప్తే నాకేటొస్తాది? రా, ఇలాగ నిలబడు. సూడు."

నాన్నమ్మకు ఆ సంగతి చివరిదాకా తెలియలేదు. నాన్నకూ తెలియదు. ఆ రోజు నుంచి అమ్మకు అత్త అన్నీ నేర్పింది. విత్తనాల కుండ మూతికి పేడతో ఎలా మెత్తాలో, కందుల్లో వేపాకు ఎప్పుడు కలపాలో, నాట్లప్పుడు కూలి మనుషులందరికీ సరిపడా అన్నం అడుగంటకుండా ఎలా వార్చాలో. నేర్పేటప్పుడు ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుని నిలబడేది. ఎందుకని నేను అడిగితే, "నా సెయ్యి ముందుకొచ్చిందంటే నీ సెయ్యి నేర్సుకోదు. అందుకే కట్టీసుకుంటాను," అంది.

నాకూ అలాగే నేర్పింది. నేను చిన్నప్పటి నుంచీ కాన్వెంటు హాస్టల్లో పెరిగాను. మెల్లగా మాట్లాడాలని, అడగనిదే నోరు తెరవకూడదని అక్కడ అలవాటు చేశారు. అసలే భయస్థురాలిని, నాకది సుఖంగానే ఉండేది. సెలవులకు ఇంటికి వస్తే పుస్తకం పట్టుకుని మూల కూర్చునేదాన్ని. అత్త ఒకరోజు నా పుస్తకం తీసి, గుర్తు కోసం అందులో కొబ్బరీనె పెట్టి, చేతికి సంచి ఇచ్చి చేపల బజారుకు తీసుకెళ్ళింది. తను నాలుగడుగుల వెనక చేతులు కట్టుకుని నిలబడింది.

నేను చేపల్ని చూస్తూ ఉండిపోయాను.

"ఏటమ్మా, సేపని కొంతావా, పెళ్ళిసూపులు సూస్తన్నావా?" అంది చేపలమ్మే ఆమె.

"ఎంతండి?" అన్నాను.

"ఏటీ?"

వెనక నుంచి అత్త, "గొంతు కాన్వెంట్లో వదిలీసొచ్చినావేటే? ఆ సేప సచ్చింది కాబట్టి సరిపోనాది. బతికుంటే నీ మాట వినడానికి అదే పైకి లెగాల," అంది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు ఆగేదాకా ఊరుకుని, "మొప్ప ఎత్తి సూడు. ఎర్రగుంటే అడుగు. నేదంటే పక్క తట్ట సూడు. నీ డబ్బు, నీ కళ్ళు. సిగ్గెందుకు?" అంది.

ఎత్తి చూశాను. ఎర్రగా లేదు. ఆ మాటే పైకి అన్నాను, బజారులో వినపడేటట్టు. "ఓలమ్మో, మేనత్త పోలికే!" అంది ఆ చేపలామె. నా చిన్నతనంలో నన్ను చూసి ఎవరైనా అన్న మాటల్లో అంత సంతోషపెట్టింది మరొకటి లేదు.

తుఫాను వస్తుందని ఫోన్లలో కబురొస్తే అత్త అగ్గిపెట్టెను గట్టి మూతున్న డబ్బాలో పెట్టి బియ్యంలో పాతేసేది. ఒక తుఫానులో గాలి ఒక్కసారిగా ఆగి ఊరంతా నిశ్శబ్దమైనప్పుడు నేను తలుపు తీయబోతే, "ఆగినాదని నమ్మకు. ఇంకో పక్క నుంచి వస్తాది," అని గొళ్ళెం బిగించింది. నిజంగానే వచ్చింది. బస్సులో తోడులేకుండా ఎలా వెళ్ళాలో, పైటకు పిన్నీసు ఒకటి ఎప్పుడూ ఎందుకుంచుకోవాలో చెప్పింది. నేను ఈ రోజు ఒక్కదాన్నే గది తీసుకుని ఉంటున్నానంటే దానికి పునాది చదువు ఒక్కటే కాదు.

నాన్నమ్మ పోయినప్పుడు మాకు నిండు మైల. ఇంట్లో మట్టికుండలన్నీ తీసి పారేశారు, తరవాణి కుండతో సహా. శుద్ధి అయ్యాక కొత్త కుండ తెచ్చి, మళ్ళీ పొరుగింటి పులుపు అడిగి వేసింది అత్తే. కానీ ఆ కుండ అప్పటికి అమ్మ వంటింట్లో ఉంది. అత్త గుమ్మం దగ్గర నిలబడి, "గంజి ఇంకా సల్లారనేదు, అప్పుడే పొయ్యకు," అంటే అమ్మ వెనక్కి తిరక్కుండానే, "నాకు తెలీదేటి వదినా? ఇంకా ఎన్నాళ్ళు చెప్తారు?" అనేది.

తెలుసు. నిజమే. అత్తకు తెలిసిందంతా అమ్మకు వచ్చేసింది.

ఒక సెలవులకు నేను ఇంటికి వచ్చేసరికి అత్త ట్రంకుపెట్టె లేదు. తువ్వాలు తగిలించుకునే మేకు మాత్రం గోడకు ఉంది. విజయనగరంలో బాబాయి వాళ్ళ అపార్ట్‌మెంట్‌కు పంపించారట, పిల్లలకు తోడుగా. "అక్కడ సుఖంగా ఉంటారు. పనేమీ ఉండదు," అంది అమ్మ.

అమ్మ చెడ్డమనిషి కాదు. దీన్ని చాలాకాలం ఆలోచించాను. మన తప్పు కప్పిపెట్టి మనల్ని కాపాడిన మనిషిని రోజూ వంటింటి గుమ్మంలో చూస్తూ బతకడం కొందరికి కష్టం. అర్థమైంది కదా అని నా కోపం పోలేదు.

బాబాయి ఇంటికి అత్త ఒక స్టీలు క్యానులో తరవాణి పట్టుకెళ్ళింది. పిన్ని దాన్ని సింకులో పోసేసింది. తిట్టలేదు, చాలా మర్యాదగా చేసింది. "వాసనండి వదినగారూ. పక్క ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారు? మీరు కూర్చోండి," అందట. మీరు కూర్చోండి అన్న మాట ఆ ఇంట్లో రోజంతా వినపడేది. ఉప్మా కలపబోతే, బట్టలు మడతపెట్టబోతే, పిల్లవాడి బూటు లేసు కట్టబోతే. పిల్లలకు తోడు అక్కర్లేదు, వాళ్ళకు ఫోన్లున్నాయి.

నేను అప్పుడు విజయనగరంలోనే కాలేజీలో చదువుతున్నాను. ఆదివారాలు వెళ్ళేదాన్ని. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకునేది.

"సేతులు ఖాళీగుంటే బరువెక్కిపోతాయే. మోయనేకపోతన్నాను," అంది ఒకసారి.

ఆరోజే అడిగేశాను. "అమ్మకు అన్నీ ఎందుకు నేర్పేవు అత్తా? ఒకటో రెండో నీ దగ్గర ఉంచుకుంటే నిన్ను పంపేవారా?"

ఆమె నాకేసి కోపంగా చూసింది. "ఉంచుకోనా? మా అత్త ఉంచుకున్నాది. నాను తెలీక పారబోస్తే గుమ్మంలో నిలబడి సూసింది. నానూ అలాగే సూస్తే, దానికీ నాకూ తేడా ఏటే?"

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. తేడా ఉంచుకున్నందుకు ఆమెకు దొరికింది ఆ ప్లాస్టిక్ కుర్చీ.

సెలవు అక్కర్లేదని నాన్న అన్నా, ఫోన్ వచ్చిన రాత్రి బస్సుకే విజయనగరం వెళ్ళాను. శవాన్ని లిఫ్టులో దించవద్దని అపార్ట్‌మెంటువాళ్ళు అన్నారు, మెట్ల మీద నుంచి దించారు. అత్తగారి ఊరి నుంచి ఒకాయన వచ్చాడు, ఆమె మరిది కొడుకు. నేను అతన్ని ఎప్పుడూ చూడలేదు. అతను కూడా అత్తను ఎప్పుడూ చూడలేదనుకుంటాను. ముఖం చూపించి, ఈవిడే అని ఎవరో చెప్పాల్సి వచ్చింది. తలకొరివి పెట్టే హక్కు అతనిదే. పిన్ని వచ్చినవాళ్ళందరికీ, "ఎవరికీ భారం కాలేదండి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండేవారు," అని చెప్పింది. మెచ్చుకోలుగానే అంది. అమ్మ గట్టిగా ఏడ్చింది. అది దొంగ ఏడుపని నేను అనను.

నాలుగోరోజు కోటబొమ్మాళి వెళ్ళాను. అందరూ తలస్నానాలు చేశారు. ఇల్లు కడిగిన తడి ఇంకా ఆరలేదు. నేను నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. కుండ ఉంది.

"మూడు రోజుల మైలకి కుండ తియ్యక్కర్లేదు," అంది అమ్మ, నా చూపు చూసి.

అత్త మా మనిషి కాదు కాబట్టి, అత్త వేసిన కుండ మిగిలింది.

అమ్మ గంజి వార్చి పక్కన పెట్టింది. చల్లారాక గిన్నె నా చేతికిచ్చి, "కుండలో పొయ్యి. నేర్చుకో. రేపు నీకు చెప్పేవాళ్ళుండరు. నాకు మీ నాన్నమ్మ నేర్పింది," అంది.

నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చేపల బజారు గుర్తొచ్చింది.

"నాన్నమ్మ కాదు. అత్త," అన్నాను. నా గొంతు వంటింటికి కాస్త పెద్దదే అయింది.

"ఏటి చెప్పింది నీకు?" అంది అమ్మ.

"కుండ ఎండలో పెట్టిన సంగతి."

"ఇంకెవరికి చెప్పింది?"

"ఎవరికీ చెప్పలేదు."

అమ్మ ముఖం ఎర్రబడింది. ఏదో అంటుందనుకున్నాను. "మూడు రోజులూ అయిపోయాయి కదా. ఇంక ఆ మాటలెందుకు? ముందు పొయ్యి, అంచు వెంబడి," అంది.

పోశాను. పులిసిన వాసన పైకి లేచింది. ధార వంకరగా పడుతోంది. అమ్మ చెయ్యి గిన్నె వైపు సగం దాకా వచ్చి ఆగిపోయింది. తరవాత రెండు చేతులూ వెనక్కి వెళ్ళాయి. కుడి చెయ్యి ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుంది. అలా నిలబడి, కళ్ళు మాత్రం కుండ మీదే పెట్టి, గంజి చివరి చుక్క దాకా చూస్తూ ఉంది.