మా ఆయన నల్లకుండ

అందరి మంచాల కింద ట్రంకు పెట్టెలుంటాయి. మా మంచం కింద నల్లకుండలుంటాయి. నల్లకుండ అంటే ఫ్రిజ్ వెనకాల అడుగున నక్కి కూర్చుని గుర్రుమంటూ ఉంటుందే, ఆ కంప్రెసర్. మా ఆయన ఫ్రిజ్ మెకానిక్కు. ఎవరింట్లోనైనా ఫ్రిజ్ పూర్తిగా పాడైపోతే తలుపూ అరలూ పాత సామాన్లవాడికి పోతాయి, కుండ మాత్రం సంచిలో మా ఇంటికొస్తుంది. "పెట్టె పోయింది గానీ దీని గుండె రాయిలా ఉందే" అంటారు, అదేదో చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చినంత సంబరంగా. ఊడవడానికి వంగిన ప్రతిసారీ చీపురు వాటికి తగిలి ఠంగుమంటుంది. నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కుండల్ని ఆయన గాలి పంపులుగా మారుస్తారు. కుండకు మూడు పైపులుంటాయి. ఒకటి పీలుస్తుంది, ఒకటి ఊదుతుంది, మూడోది గ్యాస్ నింపడానికి. ఊదే పైపుకి రబ్బరు గొట్టం తగిలిస్తే అంతే సంగతులు. పక్కింటి టైలరు ఆ గాలితో మిషన్లో చేరిన దుమ్మంతా ఎగరగొడతాడు. ఎదురింటి లెక్కల మాస్టారు బొమ్మ విమానాలకు రంగు చల్లుకుంటారు. పైగా చప్పుడు ఉండదు. టైర్ల కొట్లో గాలి మిషను వేస్తే వీధంతా చెవులు మూసుకోవాలి, ఇది మాత్రం పిల్లి గురక పెట్టినట్టు ఉంటుంది.

ఇంట్లో ఈ కుండలంటే గిట్టని మనిషి ఇంకొకరున్నారు, మా నాన్న. అమ్మ పోయాక మా దగ్గరికే వచ్చేశాడు. రైలు షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. వెనక గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని ఆరేళ్లుగా ఒక ఇత్తడి ఇంజను చేస్తున్నాడు. మూరెడు పొడవు, సాసరంత చక్రం, వేలంత పిస్టను. ప్రతి స్క్రూ తన చేత్తో ఆకురాయి పట్టి అరగదీసిందే. అయితే అది ఒక్కసారి కూడా తిరగలేదు. తిరగాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలరు కావాలి. "నా ఇంట్లో నిప్పూ ఆవిరీ పెట్టావంటే నేను పుట్టింటికి పోతా" అన్నాను. పుట్టిల్లు ఇక్కడికే వచ్చి కూర్చుందని మాట జారాక గుర్తొచ్చింది.

మామా అల్లుళ్లకి గొడవల్లేవు, మాటలూ లేవు. నాన్న ఆయన్ని "అల్లుడుగారూ" అంటాడు, ఆఫీసరుకి అర్జీ పెట్టుకుంటున్నట్టు. కుండల్ని మాత్రం చాటుగా "ఆ తుక్కు" అంటాడు.

ఇంతలో నాన్న కన్ను మొరాయించింది. ఎడమది ఏనాడో పోయింది. కుడికంట్లో వెనకుండే రెటీనా పొర ఊడుతోందని, సోమవారం ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. చూపు నిలవచ్చు, నిలవకపోనూవచ్చు, ఏదీ గట్టిగా చెప్పలేనంది. నాన్న ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కుని, కంచం ముందు కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"ఆ చక్రం ఒక్కసారి తిరిగితే చూడాలనుందమ్మా. సోమవారం లోపల."

మా ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఆవిరి ఎందుకు మావయ్యా? గాలితో తిప్పుదాం."

"ఆ తుక్కు... అంటే, ఆ కుండతోనా?"

"దాంతోనే."

నాన్న మజ్జిగ కలుపుకున్నాడు. "సరే అల్లుడుగారూ, చూడండి" అన్నాడు.

ఆ వారం ఆయన హడావిడి చూడాలి! మంచం కింది కుండలన్నీ హాల్లోకి వచ్చాయి. ఒక్కొక్కటీ తిప్పి, చెవి ఆనించి విని, పెళ్లి చూపులకి వెళ్లినట్టు వంకలు పెట్టి, చివరికి ఒకదాన్ని ఎంచారు. పాత నూనె ఒంపేసి కొత్తది కొలిచి పోశారు. గాలి ఎక్కువైతే తనంతట తానే బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వు పెట్టారు, ముల్లు మీటరు పెట్టారు. గాలితో పాటు కుండ నూనె తుంపర్లు కూడా కక్కుతుందట, వాటిని పట్టడానికి ఒక చిన్న ఇనుప సీసా బిగించారు. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

"ఆ సీసా ఎందుకండీ?"

"నూనె పట్టడానికి మావయ్యా."

"కాస్త రానివ్వండి. పిస్టనుకి మంచిది."

ఆరేళ్లలో వాళ్లిద్దరూ పని గురించి మాట్లాడుకోవడం అదే మొదలు. ఆయన మొహం వెలిగిపోయింది. శనివారం కుండ ఆన్ చేసి గొట్టం పెడితే బల్ల మీది న్యూస్ పేపరు గోడకి వెళ్లి అతుక్కుంది. ఇక ఆగుతారా? ఆ సంబరంలో సాయంత్రం దాకా కూర్చుని కుండకి నల్లరంగు వేశారు, వైర్లు కట్టారు, పైపులన్నీ తుడిచి నీటుగా సర్దారు.

ఆదివారం పొద్దున్నే బల్ల చుట్టూ చేరాం. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, కళ్లద్దాలు మూడుసార్లు తుడుచుకుని కూర్చున్నాడు. ఆయన స్విచ్చి వేశారు. కుండ గుర్రుమంది. చక్రం ఉలిక్కిపడినట్టు పావు వంతు తిరిగి, ఆగిపోయింది. మీటరు ముల్లు కాస్త లేచి అక్కడే ఉండిపోయింది.

ఆపారు, మళ్లీ వేశారు. ఈసారి ఆ పావు వంతు కూడా లేదు. గొట్టం అతుకుల మీద సబ్బు నురగ రాసి చూశారు, ఒక్క బుడగ కూడా రాలేదు.

"కుండ నిన్న పేపరు ఎగరగొట్టింది కదా మావయ్యా..." అని నసిగారు.

నాన్న లేచాడు. "అయితే తప్పు కుండది కాదు, నాదే. పిస్టను వదులుగా చేసుంటాను, గాలంతా పక్కనుంచి పోతోంది. కన్ను సరిగ్గా లేనప్పుడు అరగదీశాను మరి." గొట్టం ఊడదీసి, ఇంజను మీద తువ్వాలు కప్పి, చంకలో పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. తలుపు మాత్రం చాలా మెల్లిగా వేసుకున్నాడు. గట్టిగా వేసినా బాగుండేది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కుండ మీద చూపించాను.

"వారం రోజులు ఇల్లంతా నూనె చేశారు! ఇది ఊదుతుంది ఊదుతుంది అంటారు, అసలు ఊదడానికి గాలి ఎక్కణ్ణుంచి పీలుస్తుందండీ ఇది?"

"ఇదిగో, ఈ పైపు నుంచి..." అని వేలు పెట్టి చూపించబోయి, ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

ఆ పైపు మూతి చక్కగా నొక్కి, టంకం పెట్టి, మీద రంగు వేసి ఉంది. పని ఎంత బాగా కుదిరిందంటే ముద్దు పెట్టుకోవచ్చు.

విప్పిన కుండలోకి గాలి పోతే దాంతో పాటు తేమ చేరుతుంది, తేమ చేరితే ఫ్రిజ్‌కి మళ్లీ పనికిరాదు. అందుకని కుండ చేతికి రాగానే పైపులు మూసెయ్యడం వాళ్ల వృత్తిలో మొట్టమొదటి పాఠం. ముప్పై ఏళ్లుగా గాలి లోపలికి పోకుండా కాపలా కాసిన చేతులు అవి. శనివారం సాయంత్రం తుడుస్తూ తుడుస్తూ, ఎవరూ అడక్కుండానే తమ పని తాము చేసేశాయి.

"ముక్కు మూసేసి ఊదు ఊదు అంటే ఎవరూదుతారండీ! మీరు ఊదండి చూద్దాం!"

ఆయన నెత్తి కొట్టుకున్నారు. హాక్సా బ్లేడు తెచ్చి ఆ మూతి కొయ్యడం మొదలెట్టారు. కాస్త తెగగానే కుండ హుస్సుమని ఇంత పొడుగు ఊపిరి పీల్చుకుంది, నీళ్లలోంచి తల పైకెత్తిన మనిషిలా. రేగిన రాగి పొడి లోపలికి పోకుండా పైపు నోట్లో గుడ్డ పీలిక పెట్టి, శుభ్రంగా తుడిచి, అప్పుడు తీశారు. కంగారులోనూ ఆ శ్రద్ధ మాత్రం పోలేదు.

నాన్న రానన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

స్విచ్చి వేశారు. చక్రం కదిలింది, ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు. ఆ తర్వాత చుట్లు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. టకటకటకమని పిస్టను ఆడుతుంటే నాన్న మొహం ఎంత దగ్గరగా పెట్టాడంటే ముక్కుకి తగులుతుందేమోనని నేను భుజం పట్టుకున్నాను. పావుగంట చూశాడు. రెప్ప వేశాడో లేదో కూడా తెలియదు. తర్వాత కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమైంది నాన్నా, నెప్పిగా ఉందా?"

"లేదమ్మా. చూడ్డం అయిపోయింది. ఇప్పుడు వింటున్నా, రేపట్నుంచి పనికొస్తుందని."

నేను వంటింట్లోకి పారిపోయాను. మా ఆయన మాత్రం గుడ్డపీలిక చేత్తో పట్టుకుని కుండ పక్కనే నిలబడి ఉన్నారు. నాన్న అటు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆపరేషన్ అయింది. పది రోజులు కట్టు. రోజూ సాయంత్రం ఆయన పని నుంచి రాగానే కుండా ఇంజనూ మోసుకొచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టి తిప్పేవారు. నాలుగో రోజు నాన్న కట్టుతోనే చెయ్యి ఎత్తి, "ఆపండి, కుడివైపు స్క్రూ ఒకటి వదులైంది" అన్నాడు. చూస్తే నిజమే! ఇద్దరూ ఒకటే నవ్వు.

పదో రోజు కట్టు విప్పారు. డాక్టరమ్మ వేళ్లు చూపిస్తే మూడన్నాడు. మూడే. ఇంటికి రాగానే నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"నాన్నా, నేను కనిపిస్తున్నానా?"

"కాస్త పక్కకి జరగమ్మా. ముందు కుండేదీ?"

వెళ్లి నేల మీద కూర్చున్నాడు. కుండ చుట్టూ చూశాడు, కోసిన పైపు మూతి మీద బొటనవేలు పెట్టాడు.

"ఇదేనా నువ్వు మూసిన ముక్కు?"

"అవును మావయ్యా."

"ఆ రోజు నా ఇంజను చూసుకునే యావలో దీని వైపు తల కూడా తిప్పలేదురా అల్లుడూ. మళ్లీ కన్ను వస్తే ముందు దీన్నే చూడాలని కట్టు కింద పది రోజులూ అనుకున్నా."

మా ఆయన పక్కన చతికిలబడి, తుడిచిన కుండనే మళ్లీ తుడుస్తున్నారు. పది రోజులు వేళకి మందులిచ్చి, చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. ఆ కంటికి నా మొహం ఇంకా కనబడనే లేదు. నాకు ఒళ్లు మండాలి. మండలేదు. నేనూ వాళ్ల పక్కనే నేల మీద కూర్చుని స్విచ్చి వేశాను.