కమలాక్షి ఒడి, కమలాక్షి పగారు

రాయచూరులో గంజ్ అనే ధాన్యం మార్కెట్ వెనక సందులో పొద్దెక్కేసరికి రొట్టె తట్టే చప్పుడు మొదలవుతుంది. హమాలీలు బస్తాలు దించి, తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ అటే నడుస్తారు. జొన్నరొట్టె, పల్లీల కారం, ఆనాటి కూర. గది చిన్నది. నిలబడి చేసుకోవడానికి వీలుగా ఒక గట్టు, దాని మీద గ్యాస్ పొయ్యి, గోడకు ఎల్లమ్మ పటం. ఆ పటం పక్కన అంచులు అరిగిపోయిన చేట ఒకటి వేలాడుతుంటుంది.

"చేటకు గూడ పూజ చేస్తవా ఏంది కమలక్కా?" అని అడిగిన వాళ్ళకు కమలాక్షి చెప్పే జవాబు ఒకటే: "చెయ్యొద్దా మరి? పగారు మొత్తం తెచ్చింది అదే."

ఆ చేటతో ఆమె ఇరవై ఏళ్ళకు పైగా పప్పులో రాళ్ళు చెరిగింది. భర్త యోగానంద్ లారీ ప్రమాదంలో పోయినప్పుడు కూతురు స్ఫూర్తి ఇంకా బడికి పోని పిల్ల. గంజ్‌లో పంపాపతి సావుకారు పప్పుమిల్లు ఉంది. మిషను వదిలేసిన రాళ్ళనూ పుచ్చులనూ ఏరడానికి అక్కడ పదిపదిహేనుమంది ఆడవాళ్ళను పెట్టుకుంటారు. పప్పు సావుకారుది, మిల్లు సావుకారుది, చేట మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. విరిగితే ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఒక నెల జీతం, అదే పగారు, సావుకారు ఎప్పుడూ తన దగ్గరే పట్టుకునేవాడు, ఎవరూ చెప్పకుండా మానేయకూడదని. "పోయేనాడు కలిపి ఇస్త, ఎక్కడికి పోతది?" అనేవాడు. అలా పట్టుకోవడం దోపిడీ అని ఆ ఆడవాళ్ళకు చెప్పిన వాళ్ళు లేరు. అదే పద్ధతి అనుకున్నారు.

నిరుడు కమలాక్షికి దగ్గు పట్టుకుంది. మిల్లు దుమ్ము ఊపిరితిత్తులకు చేరిందన్నాడు డాక్టరు. పని మానేయమన్నాడు. ఆమె దిగులు పడలేదు. రొట్టెల దుకాణానికి అనువైన ఈ గది అప్పుడే ఖాళీ అయింది. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే గది నీదే, లేకపోతే పక్కనున్న టీ కొట్టువాడికి ఇస్తానన్నాడు గది యజమాని. సావుకారు పట్టుకున్న నెల, అప్పుడే ముగిసిన నెల, రెండు పగార్లు కలిపితే అడ్వాన్సుకు సరిపోతాయి. ఆ లెక్కతోనే ఆమె పని మానుకుంది.

మానిన రోజు ఒక సంగతి జరిగింది. ఈ కథంతా దాని మీదే నిలబడింది.

సావుకారు భార్య జయాబాయి ఆ సాయంత్రం ఇంట్లోంచి మిల్లులోకి వచ్చింది. చేతిలో పళ్ళెం. అందులో బియ్యం, ఎండుకొబ్బరి చిప్ప, పసుపు కొమ్ములు, తమలపాకులు, బెల్లం, ఒక రవిక గుడ్డ. "కమలా, ఒడి పట్టు," అంది.

చెరిగేవాళ్ళంతా చేటలు దించి తల తిప్పారు. ఈ ప్రాంతంలో ఇంటి ఆడబిడ్డ గడప దాటి పోతుంటే ఒడి నింపి పంపుతారు. అయితే ఆ మర్యాద ముత్తైదువలకే. భర్త పోయిన నాటి నుంచి కమలాక్షి ఒడిలో గింజ పోసిన వాళ్ళు లేరు. కడుపున పుట్టిన కూతురి పెండ్లిలోనూ ఆమె వెనక వరసలోనే నిలబడింది.

"అమ్మా, నాకు పొయ్యొద్దు. మీకు తెల్వదా?" అంది కమలాక్షి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని.

"తెల్సు. తెల్సే వచ్చిన. ఇన్నేండ్లు మా ఇంటికి అన్నం పెట్టినవు. పట్టంటే పట్టు."

కమలాక్షి కొంగు చాచింది. ఐదు దోసిళ్ళు పోసింది జయాబాయి. పక్కన కూర్చున్న బసమ్మ కళ్ళు తుడుచుకుంది. సావుకారు గద్దె మీంచి అంతా చూశాడు.

ఇక్కడే కమలాక్షి పొరపాటు చేసింది. ఒడి నిండాక ఇంకేమీ అడగకుండా, తిరిగి చూడకుండా గడప దాటాలని వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పింది. అడిగితే ఒడిలోని మంచి పోతుందట. ఆమె అలాగే నడిచి వచ్చేసింది. చేట చంకలో, బియ్యం ఒడిలో. పగారు గద్దె కింద సొరుగులోనే ఉండిపోయింది.

రేపు పిలుస్తాడు, ఎల్లుండి పంపుతాడు అనుకుంటూ ఇంట్లో కూర్చుంది. ఎవరూ రాలేదు. నెల సగం దాటింది. ఒకరోజు హమాలీ చెన్నప్ప గుమ్మం ముందు సైకిలు ఆపాడు. గంజ్ హమాలీల సంఘంలో తల నెరిసిన మనిషి. సగం కన్నడ, సగం తెలుగు, నడుమ ఉర్దూ.

"ఏమ్ కమలక్కా, రొట్టెల దుకాణం అంటివి. పొయ్యి ఎప్పుడు ముట్టిస్తవు?"

"గది పోయేటట్టుంది అన్నా. సావ్కార్ పగార్ ఇయ్యలే."

"ఇయ్యలేదా, నువ్వు అడుగలేదా?"

ఆమె తల దించుకుంది. "ఒడి నింపినంక ఎట్ల అడగాలె?"

చెన్నప్ప సైకిలు స్టాండు వేసి మెట్టు మీద కూలబడ్డాడు. "అవ్వా! దోసెడు బియ్యంకు రెండు నెల్ల చాకిరి వదిలేస్తవా? గింత అగ్గువకు చాకిరి దొరుకుతదని తెల్సుంటె గంజ్‌ల సావ్కార్లంతా తట్టలు పట్టుకొని లైన్ల నిలబడుదురు గదా!"

ఆమె నవ్వలేక నవ్వింది. ఆ మరునాడు అతన్ని తోడు తీసుకుని మిల్లుకు వెళ్ళింది. పంపాపతి సావుకారు కోపగించుకోలేదు. తియ్యగానే మాట్లాడాడు.

"ఏంది కమలా, సంతోషంగ ఒడి నింపుకొని పోయినవు. మిల్లంత సూసింది. నీ హిసాబ్ ఆనాడే అయిపాయె. మళ్ళ గిట్ల వచ్చి అడుగుడు మంచిగుంటదా? ఒక్క విధవకు మా ఇంటామె అట్ల జేస్తదని ఊర్ల ఎవ్వరన్న అనుకున్నరా? ఆ ఉపకారమన్న గుర్తుండొద్దా?"

ఉపకారం అనే మాట ఆమె నోరు కట్టేసింది. అన్యాయం చేసేవాడు గద్దిస్తే ఎదురు తిరగవచ్చు, మర్యాద చేసిన చేతిని చూపించి కూలి ఎగ్గొడితే పేదమనిషి ఏం మాట్లాడుతుంది? ఆమె వెనుదిరిగింది. చెన్నప్ప వదల్లేదు. మిల్లు గేటు దాటగానే అన్నాడు:

"జయమ్మ చేసింది ఉపకారం, దానికి మొక్కు. ఈయన పట్టుకున్నది నీ సొమ్ము, దాన్ని అడుగు. రెంటిని ఒక్క మూటల కట్టకు. పా, లేబర్ ఆఫీసుకు."

లేబర్ ఆఫీసులో రశ్మి అనే అధికారి ఉంది. కన్నడ మనిషి, తెలుగు బాగా అర్థమవుతుంది. కమలాక్షి చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది. తర్వాత చెప్పిన సంగతులు చదివేవాళ్ళు గుర్తుంచుకుంటే మేలు. పని మానుకున్నా, యజమాని తీసేసినా, రెండు పనిదినాల్లో చివరి పగారు చెల్లించి తీరాలి. అంతేకాదు, పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట ఐదేళ్ళు దాటి చేసిన వాళ్ళకు గ్రాట్యుటీ రావాలి, ఏడాదికి పదిహేను రోజుల పగారు చొప్పున.

ఆ రెండో మాట వినగానే కమలాక్షి భయపడింది. "అది వద్దు మేడం. నాది రెండు నెల్లదే ఇప్పియ్యండ్రి చాలు."

"అది నేను ఇప్పించేది కాదమ్మా. నువ్వు సంపాదించుకున్నది," అంది రశ్మి. సావుకారుకు నోటీసు వెళ్ళింది.

విచారణ రోజు సావుకారు ఒంటరిగా రాలేదు. జయాబాయిని వెంట తెచ్చాడు. కమలాక్షి సంతోషంగా వెళ్ళిపోయిందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్షి ఎవరు? కమలాక్షి గోడకు ఆనుకుని నిలబడింది. గది గడువు ముగియడానికి ఇంకా ఎక్కువ రోజులు లేవు. జయాబాయి ముఖం వైపు చూసే ధైర్యం ఆమెకు లేదు.

అప్పుడే మెట్ల మీద అలికిడి. బసమ్మ, ఆమె వెనక ఇంకో నలుగురు మిల్లు ఆడవాళ్ళు. తల వెంట్రుకల మీద పప్పు దుమ్ము ఇంకా దులుపుకోలేదు. అన్నం తినే వేళ తినకుండా వచ్చారు.

"ఏమే బసమ్మా, పని ఇడిసిపెట్టి ఇక్కడేంది?" అన్నాడు సావుకారు.

"పని ఇడువలే సావ్కార్, అన్నం ఇడిసినం," అంది బసమ్మ. "కమల మా పక్కన ఎన్నేండ్ల నుంచి కూసుందో మేం చెప్తం. రేపు మాది గూడ గిట్లనే అయితది గదా."

రశ్మి వాళ్ళ మాటలు రాసుకుంది. తర్వాత సావుకారు వైపు తిరిగింది. ఆయన పాత పాటే ఎత్తుకున్నాడు, ఒడి నింపి పంపాం, సంతోషంగా పోయింది, లెక్క తీరిపోయిందని. "కావాలంటె మా ఇంటామెను అడుగుండ్రి."

అందరూ జయాబాయి వైపు చూశారు. ఆమె మొదట భర్త వైపు తిరిగింది.

"నన్ను గిందుకా తోలుకొచ్చిండ్రు? పగారు ఇచ్చిండ్రేమో, ఇంకేదో తకరారు అనుకున్న. ఇయ్యనే లేదా?"

"అది కాదు, నువ్వు ఒడి..."

"ఒడి నేను నింపిన. మా పుట్టింటోళ్ళు పెట్టిన పైసలతో కొన్న రవిక గుడ్డ, నా చేతుల బియ్యం. ఆడబిడ్డ అనుకొని పోసిన. మీ మిల్లు హిసాబుల కలిపేటందుకా? ఆడబిడ్డ కూలి ఎవ్వడన్న ఎగ్గొడ్తడా?" ఆమె కమలాక్షి దగ్గరికి వచ్చింది. "నువ్వన్న నాకు చెప్పొద్దా కమలా? నేను పోసిన బియ్యమే నీ నోట్ల గడ్డకట్టెనా?"

కమలాక్షి ఏడ్చేసింది. ఆ ఆఫీసులో అంతసేపు పట్టుకున్న ఏడుపు.

రశ్మి కన్నడంలో ఒకే మాట అంది: "ఉడి ఉడినే, పగార పగారనే." తర్జుమా ఎవరికీ అవసరం కాలేదు.

సావుకారు రెండు నెలల పగారూ ఆ వారంలోనే కట్టాడు. గ్రాట్యుటీ మీద కొంత బేరమాడి చూశాడు, కుదరలేదు, అదీ వచ్చింది. మిల్లులో నెల పగారు పట్టుకునే పద్ధతి కూడా ఆగింది. బసమ్మనూ మిగతావాళ్ళనూ పనిలోంచి తీసేయలేదు. ఎందుకంటే ఆ ఐదుగురూ ఇప్పుడు చెన్నప్ప సంఘం మీటింగులకు పోతున్నారని ఆయనకు తెలుసు.

చట్టం పుస్తకంలో ఎప్పటి నుంచో ఉంది. అది కమలాక్షి దాకా నడిచి రావడానికి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన హమాలీ, తిండి మానిన ఆడవాళ్ళు, మనసుపెట్టి విన్న అధికారి కావలసి వచ్చారు. కమలాక్షి రోజూ పొయ్యి ముట్టించే ముందు వాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుంటుంది. మనమూ తలుచుకోవాలి.

గది తెరిచిన మొదటి రోజు జయాబాయి వచ్చింది. రొట్టెలు కట్టించుకుంది. కమలాక్షి పైసలు వద్దంది.

"చాల్లే. ఊకే ఇస్తె మళ్ళ ఆఫీసుకు పోదామా?" అని నవ్వుతూ నోటు గట్టు మీద పెట్టింది జయాబాయి. చిల్లర తీసుకుంది. అయినా వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి చీర కొంగు చాచింది.

"నా ఒడిల పొయ్యి."

రొట్టెలకు వచ్చిన పక్కింటి బుల్లెమ్మ నోరు తెరిచింది. "అయ్యో, ఆమె పోస్తదా? ఆమె..."

"ఆమె దుకాణానికి మొదలొచ్చిన ఆడబిడ్డను నేను. ఆమె పొయ్యకుంటె నువ్వు పోస్తవా?" అంది జయాబాయి. కమలాక్షి వైపు తిరిగి, "ఆనాడు పొయ్యొచ్చునా లేదా అని నేను నిన్ను అడిగిననా? ఇయ్యాల నువ్వు నన్ను అడుగొద్దు."

బియ్యం లేదు గదిలో. కమలాక్షి జొన్నల డబ్బా మూత తీసింది. గోడ మీది చేట దించి, దులిపి, జొన్నలు పోసుకుంది. మొదటి దోసిలి పోసేటప్పుడు రెండు గింజలు కింద రాలాయి. ఐదోది పోసేటప్పుడు ఒక్కటీ రాలలేదు.