నేను ఉతికేసిన అరోరా

2013 మార్చి. అమెరికాలో, రెడ్‌మండ్‌లో ఒక ఫొటో ల్యాబ్‌లో రీటచింగ్, అంటే ప్రింటుకి ముందు ఫొటోని సరిచేయడం, నా ఉద్యోగం. మనవాళ్ల ఫంక్షన్లు హాళ్లలో ట్యూబ్‌లైట్ల కింద జరుగుతాయి, మొహాలు ఆకుపచ్చగా వస్తాయి. దాన్ని గ్రీన్ కాస్ట్ అంటాం. అది తీసేయడంలో నాకు పేరుంది. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానంటాడు మా ఆయన. అననీ.

శిరీష అనే ఎమ్మెస్ స్టూడెంట్ ఒకరోజు సాయంత్రం కౌంటర్లో మెమరీ కార్డు ఇచ్చి వెళ్లింది. కవరు మీద "మొదటి ఫొటో, పెద్ద ప్రింట్, అర్జెంట్" అని తప్ప ఇంకో ముక్క లేదు. తెరిస్తే అంతా చీకటి. అడుగున వంపు తిరిగిన గీత, దాని మీద ఆకుపచ్చ చార, కుడి అంచున తాడు. విమానం కిటికీలోంచి తీసుంటుంది, అద్దం మీద లోపలి లైటు పడింది, కెమెరా పట్టీ అడ్డొచ్చింది అనుకున్నాను. ఆకుపచ్చ మొత్తం లాగేశాను. తాడుని క్లోన్ చేశాను, అంటే పక్కనున్న చీకటి ముక్క తెచ్చి దాని మీద అతికించాను.

మర్నాడు మధ్యాహ్నం శిరీష వచ్చి ప్రింట్ చూసింది.

"ఆంటీ, అరోరా ఏదీ?"

"అరోరాగారా? పంజాబీవాళ్ల ఆర్డర్లు పక్క కౌంటర్లో అడుగు."

"అయ్యో, నార్తర్న్ లైట్స్ ఆంటీ! ఉత్తరాన రాత్రి ఆకాశంలో కనిపించే ఆకుపచ్చ వెలుగు. అలాస్కాలో బెలూన్‌కి కెమెరా కట్టి పంపాం. అందరూ కింద నుంచి తీస్తారు, మేం మేఘాల పైనుంచి తీశాం."

"ఆ ముక్క కవరు మీద రాయొద్దూ? తాడు కూడా తీసేశాను."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "బెలూన్ నుంచి తీశామనడానికి అదొక్కటే ప్రూఫ్. మూడింటికి మా యూనివర్సిటీ కమిటీ ముందు పెట్టాలి. వాళ్లు నమ్మకపోతే బెలూన్ రెండోసారి ఎగరేయనివ్వరు, నా థీసిస్ లేదు."

"ఒరిజినల్‌ని ముట్టుకోను, అంత తెలివితక్కువదాన్ని కాదు," అంటూ కార్డులోంచి మళ్లీ తెరిచాను. మెషీన్ కూడా దానంతటది రంగు సరిచేస్తుంది, ఆ ఆటో కరెక్షన్ ఆపేసి, ఉన్నదున్నట్టు ప్రింట్ తీశాను. శిరీష నా చేతినే చూస్తూ నిలబడింది. నాకు ఒళ్లు మండింది గాని, చూడాల్సిందే.

సాయంత్రం ఫోన్ చేసింది. "ఒప్పుకున్నారు ఆంటీ! ముందు ఆ తాడేమిటనే అడిగారు."

ఆర్డర్ ఫారంలో "ఏం తీసేయాలి" అని ఉండేది. కింద "ఏం తీయకూడదు" అని ఇంకో గడి చేర్పించాను. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నేను పిలిచి అడుగుతాను. విసుక్కుంటారు. చెప్పేదాకా నేను మాత్రం ఫొటో తెరవను.