దొడ్డక్షరాలు లేని రిపోర్టు

మేడ్చల్ బస్టాండుకు ఎదురుగా, బేకరీ పైన మేడ మీద ఒక ల్యాబ్ ఉంది. అక్కడ డాక్టరెవరని అడిగి చూడండి, అందరూ మహేష్ పేరే చెబుతారు. రక్తం తీసేది మహేష్. రిపోర్టు చేతిలో పెట్టేది మహేష్. "ఏం గాదు, మంచిగనే ఉంది, పో" అని ధైర్యం చెప్పేదీ మహేషే. నిజానికి అతను టెక్నీషియన్. నేను డాక్టర్ని కానురా బాబూ అని మొదట్లో మొత్తుకున్నాడు కూడా. ఒక్కరూ వినకపోయేసరికి విసిగిపోయి ఊరుకున్నాడు.

అసలు డాక్టరు లోపలి గదిలో ఉండేది. పేరు పద్మజ. పాథాలజిస్టు. మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి, అది ఏ జబ్బో తేల్చి, రాసి, కింద సంతకం పెట్టడం ఆవిడ పని. ఏడేళ్లుగా ఆ సంతకం మేడ్చల్ నుంచి తుర్కపల్లి దాకా ఎన్ని ఇళ్లకు వెళ్లిందో లెక్కే లేదు. మనిషిని చూసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది.

కౌకూర్‌లో పద్మజ వాళ్లుండే కాలనీలోనూ అదే వరస. "మీరు మందులు రాసే డాక్టరు కాదటగా పాపం" అని పక్కింటావిడ జాలిపడేది. అదలా ఉంచండి, కట్టుకున్న మొగుడు జోగారావు సంగతి చూడండి. బ్యాంకులో ఆఫీసరు, లోకం తెలిసినవాడు. ఒక పెళ్లిలో ఎవరికో "మా ఆవిడ ఏదో ల్యాబ్‌లో చేస్తుందండీ" అని పరిచయం చేశాడు. ఫలితంగా మూడు రోజులు ఉప్పు లేని పప్పు తిన్నాడు.

పద్మజది తణుకు. చిన్నప్పటి నుంచీ ఆవిడకు ఒకటే పిచ్చి, ప్రతిదాని లోపలా ఏముందో చూడాలి. బెండకాయ కోస్తే కూర సంగతి మర్చిపోయి లోపలి గదులు లెక్కపెడుతూ కూర్చునేది. కాకినాడలో డాక్టరీ చదివి, తోటివాళ్లంతా ఆపరేషన్ల వైపు పరుగెడుతుంటే, తను మాత్రం కోరి ఈ చదువులోకి వచ్చింది. అప్పుడు వాళ్ల ప్రొఫెసర్ లలితకుమారి గారు మొదటి రోజే చెప్పారు: "మనం రోగితో మాట్లాడకూడదమ్మా. మన మాట కాగితం మీదే. మిగతాది వైద్యం చేసే డాక్టరు చూసుకుంటారు." పద్మజ ఆ మాటను పట్టుకుని కూర్చుంది.

నోటికైతే తాళం వేసుకుంది గానీ, బుర్రకు వెయ్యగలదా? ముక్కతో పాటు వచ్చే ఫారంలో పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు ఉంటాయి. అవి చదవగానే ఆవిడ ఆలోచనలు ఎటెటో పోయేవి. శామీర్‌పేట, యాభై ఏడేళ్ల ఆడమనిషి, రొమ్ములో గడ్డ. ద్రాక్షతోట ఇంకా ఉంచుకున్నవాళ్లా, ప్లాట్లు కొట్టి అమ్మేసినవాళ్లా? ఈ గడ్డ మొదట ఎవరికి చెప్పుకుని ఉంటుంది? నేను రాసిన కాగితం ఎవరు చదివి పెడతారు? అడగడానికి ఎదురుగా మనిషి ఉంటేగా!

ఒక సోమవారం మధ్యాహ్నం మహేష్ భోజనానికి వెళ్లాడు. కౌంటర్ మీద ఎవరో టకటకా కొడుతున్నారు. ఎంతకీ ఆపకపోయేసరికి పద్మజ విసుక్కుంటూ బయటికొచ్చింది. జరీ అంచు చీర, చేతినిండా గాజులు, చంకలో బ్యాగు, ఒకావిడ నిలబడి ఉంది.

"మహేష్ డాక్టర్ లేడా బిడ్డా? నా షుగర్ కాయితం గావాలె. రాధమ్మ, శామీర్‌పేట."

పద్మజ చెయ్యి కాగితాల మీదే ఆగిపోయింది. రాధమ్మ, శామీర్‌పేట, యాభై ఏడు. ఎడమ రొమ్ములో గడ్డ. ఆ ముక్క పద్మజకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. కేన్సర్ అని తనే రాసింది. ఇన్నాళ్లూ ఫారం మీద పేరుగా ఉన్న మనిషి ఇదిగో ఎదురుగా నిలబడి, షుగర్ తగ్గిందో లేదోనని బెంగపడుతోంది. ఆపరేషన్ అయిన మనిషిలా లేదే?

అడగకూడదు. కానీ అడక్కుండా ఉండలేకపోయింది.

"అమ్మా, మొన్న మీ గడ్డకు సూదితో ముక్క తీశారు కదా, ఆ రిపోర్టు డాక్టరుగారికి చూపించారా?"

"గదా? గదెందుకమ్మా, అంత మంచిగనే వచ్చింది. మా కొడుకు అన్వేష్ సదివిండు. మొత్తం ఎతికినా ఒక్క దొడ్డక్షరం లేదట!"

పద్మజకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో కాగితాలు పక్కన పడేసింది. రక్తపరీక్షల రిపోర్టులో తేడా వచ్చిన అంకెల్ని మిషను లావుగా, నల్లగా కొడుతుంది. దొడ్డక్షరముంటే డాక్టరు దగ్గరికి పో, లేకుంటే ఇంటికి పో అని మహేష్ అందరికీ నేర్పాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అదే పాఠం బట్టీపట్టాయి. ముక్క పరీక్షకు అంకెలెక్కడివి? ఉన్నదంతా సన్న అక్షరాల్లో రెండు పేరాల ఇంగ్లీషు. ప్లాట్ల దస్తావేజులు క్షణంలో చదివి పారేసే అన్వేష్ కూడా పైనుంచి కిందికి ఆ దొడ్డక్షరం కోసమే వెతికాడు. లేదని ఇల్లంతా సంబరపడి, పెద్దమ్మ గుడికెళ్లి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చారు.

రాధమ్మను కూర్చోబెట్టి, పద్మజ లోపలికెళ్లి, ఆ ముక్క పంపిన సర్జన్ శైలజకు ఫోన్ చేసింది.

"ఏ పద్మజ? మందుల కంపెనీయా? సాయంత్రం రండి."

"కాదండీ. మీరు పంపే ముక్కలకు రిపోర్టులు రాసే పద్మజని."

"అయ్యో రామ! ఏడేళ్ల నుంచి మీరు రాసిందే చదువుతున్నా, గొంతు ఇదే వినడం!" అంది శైలజ. సంగతి విన్నాక ఆ గొంతు మారిపోయింది. "ఆవిడ మళ్లీ రాలేదు. సిటీలో పెద్దాసుపత్రికి వెళ్లి ఉంటారనుకున్నా. మీరే చెప్పండి. చెప్పి వెంటనే పంపండి."

"నేనా?"

"ఆ గడ్డ గురించి మీకంటే ఎవరికి తెలుసండీ?"

పద్మజ రాధమ్మను తన గదిలోకి తీసుకెళ్లింది. తలుపు వేసి, మంచినీళ్లిచ్చి, చెప్పింది. అనుకున్నదానికంటే చిన్న మాటల్లోనే చెప్పింది. రాధమ్మ ఏడవలేదు. కొంగుతో మూతి తుడుచుకుని, బల్ల మీది మైక్రోస్కోపు వంక చూసింది.

"గిండ్లనే సూసినవా? నాకు సూపియ్యి."

అలా అడిగినవాళ్లు అంతవరకూ లేరు. పద్మజ ఆ గాజుపలక వెతికి పెట్టింది. రాధమ్మ ఒక కన్ను మూసి వంగింది.

"నారుమడి లెక్కున్నది."

"మంచి కణాలు వరసలో నిలబడతాయమ్మా. ఇవి చూడండి, వరస తప్పి పక్కకు తోసుకుపోతున్నాయి."

"అంటే గెట్టు దాటినయన్నట్టు." భూములున్న ఇల్లాలు మరి, ఇట్టే పట్టేసింది. "ఎంత దూరం పోయినయ్?"

"ఆపరేషన్ చేస్తే గానీ తెలీదు. ఇప్పుడైతే నయం చేసే వీలుంది. ఆలస్యం చేస్తే చెయ్యిదాటిపోతుంది."

రాధమ్మ తలెత్తింది. "గిది నీకు ఎప్పుడు తెల్సింది?"

"పద్దెనిమిది రోజులైంది."

"నా ఫోన్ నంబరు గా ఫారం మీదనే ఉంది గద బిడ్డా. మరి నాకెందుకు ఫోన్ జెయ్యలే?"

రోగితో మాట్లాడకూడదన్న ప్రొఫెసరు గారి మాట పద్మజ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్లు దాన్నే మర్యాద అనుకుంది. ఈవిడ ముందు అది ఒట్టి సాకులా వినిపిస్తుందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. "చెయ్యాల్సిందమ్మా. తప్పు నాదే" అంది.

ఆ రోజే రాధమ్మను తనే ఆటోలో శైలజ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ వారంలోనే పాత ఫారాలన్నీ ముందేసుకుని కూర్చుని, కేన్సర్ అని రాసిన ప్రతి నంబరుకూ ఫోన్ చేసింది. చాలామంది వైద్యంలోనే ఉన్నారు. ఇద్దరు దొడ్డక్షరం లేదని ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్లతో గంటసేపు మాట్లాడి ఒప్పించింది. రోజూ మధ్యాహ్నం కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని, అడిగినవాళ్లకు రిపోర్టు విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది. "మీరు గిట్ల బయటికొస్తే నా డాక్టరీ ఖతమే మేడం!" అని మహేష్ లబోదిబోమన్నాడు గానీ, మొహం చూస్తే బరువు దిగినట్టే ఉంది.

మూడు వారాలకు రాధమ్మ ఆపరేషన్ అయింది. తీసిన గడ్డ, చంకలోని గ్రంథులు పద్మజ బల్ల మీదికే వచ్చాయి. గ్రంథులు పద్నాలుగు. శనగగింజంత ఒక్కొక్కటి. వాటిల్లోకి పాకితే జబ్బు ముందుకు నడిచినట్టు. ఎన్ని వేలు చూసి ఉంటుంది! ఏనాడూ మైక్రోస్కోపు అద్దం ఇన్నిసార్లు తుడవలేదు. ఈసారి ఒక్కో పలకకూ తుడిచింది. ఒకటి శుభ్రం. రెండు, మూడు, శుభ్రం. పది దాటాయి. పదకొండో దాని దగ్గర ఆగి, చాలాసేపు చూసింది. మిగతా మూడూ శుభ్రంగానే ఉన్నాయి.

శైలజకు చెప్పి, ఆవిడ సరేనన్నాక, రాధమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, నేను పద్మజని. పద్నాలుగు చూశాను. ఒకదానిలో ఉంది."

అవతల రాధమ్మ టీవీ కట్టేసింది.

"ఒక్కదాంట్లనేనా?"

"ఒక్కదానిలోనే. మందులతో పోరాడదాం. నేను..."

"టైం మూడైతాంది. అన్నం తిన్నవా బిడ్డా?" అంది రాధమ్మ. "ముందుగాల తిను. గీ ముచ్చట మా అన్వేష్‌కు నేను చెప్త."