టోపీ తాత భుజం స్క్రూ

మా తోడికోడలు కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. వరసకి తోడికోడలే గానీ నేను పిలిచేది అక్కా అనే. పక్కపక్క వాటాలు మావి, మధ్యలో ఒకటే గోడ. ఆ గోడ అవతల టకటకలు మొదలైతేగానీ నాకు తెల్లవారదు. వాళ్ళ ముందు గదిలో ఎటు చూసినా విప్పి పెట్టిన మిషన్లే. కుర్చీలో కూర్చునే ముందు సూదులేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. నేను ఒకసారి చూసుకోలేదు. ఆ ముచ్చట ఇప్పుడెందుకులెండి.

ఎంత మొండి మిషన్ వచ్చినా "నా చేతకాదు" అని అక్క తిప్పి పంపడం నేను చూడలేదు. మనుషులతో మెత్తగానే ఉంటుంది. స్క్రూలు బలవంతంగా బిగించేవాళ్ళ మీద మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది. "ఒక్క చుట్టు ఎక్కువైతే పట్టేస్తుందయ్యా. దాన్ని కూడా కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి" అని వచ్చిన ప్రతి దర్జీకీ క్లాసు పీకుతుంది.

బావగారిది థీమ్ పార్కులో ఉద్యోగం. అక్కడ గేటు దగ్గర టోపీ తాత అని నిలువెత్తు మరబొమ్మ ఉండేది. లోపలికి వచ్చేవాళ్ళ వైపు తల తిప్పి, కళ్ళార్పి, టోపీ పైకెత్తి మళ్ళీ పెట్టుకునేది. దానికి నూనె వెయ్యడం, పిల్లలు మీసాలు పీకకుండా కాపలా కాయడం బావగారి పని. ఆ బొమ్మ కోట్లన్నీ అక్కే కుట్టేది. "మా ఆయన కొలతలకంటే ఆ తాత కొలతలే నాకు బాగా తెలుసు" అనేది.

ఇంతలో పార్కుకి కొత్త మేనేజరు వచ్చాడు. గేటు దగ్గర పెద్ద వీడియో తెర పెట్టించి, టోపీ తాతని పాత ఇనుప సామానుకి ఇచ్చేశాడు. బావగారి చేతికి ఒక ఈల ఇచ్చి పార్కింగ్‌లోకి పంపాడు. జీతం తగ్గలేదు గానీ మనిషి తగ్గిపోయారు. అంతకుముందు భోజనాల దగ్గర గేటు కబుర్లు చెప్పి మాకందరికీ పొలమారేలా నవ్వించిన మనిషి, ఇంటికి రాగానే ఈల మేకుకి తగిలించి గోడవైపు తిరిగి పడుకునేవారు.

"ఈయన్ని మళ్ళీ గేటు దగ్గర నిలబెడతానే" అంది అక్క నాతో.

"ఎలా?"

"తాతని నేనే చేస్తాను."

నేను పగలబడి నవ్వాను. నా నవ్వు అయిపోయేదాకా ఓపిగ్గా ఆగి, "ఆ టార్చి ఇలా పట్టు" అంది.

అలా మొదలైంది. బట్టల షాపువాళ్ళు పారేసిన బొమ్మ ఒకటి తెచ్చి నడుం దగ్గర కోసింది. మెడ తిప్పడానికి కారు వైపర్ మోటారు, వేళ్ళకి గొడుగు ఊచలు, కనురెప్పలకి పాత హ్యాండ్‌బ్యాగు తోలు. చెయ్యి లేచి దిగడానికి మాత్రం తన విద్యే వాడుకుంది. ఎంబ్రాయిడరీ మిషన్‌లో సూదిని అటూ ఇటూ నడిపే వంకర చక్రం ఉంటుంది చూడండి, అలాంటిదే పెద్దది కోయించింది. మొదటిసారి స్విచ్ వేస్తే తాత టోపీ ఎత్తలేదు, విసిరికొట్టాడు. రెండోసారి తన చెంప తనే ఛెళ్ళుమనిపించుకున్నాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి, "వదినా, తాతకి నీ మీద కోపంగా ఉన్నట్టుందే" అని వెక్కిరించాడు. అక్క తల ఎత్తితే కదా!

బావగారు ఇవన్నీ చూస్తూ చూడనట్టే ఉండేవారు. ఒకరోజు ఈల మేకుకి తగిలించబోతూ ఆగి, "మీసం ఎడమపక్క కాస్త కిందికి ఉండేది" అన్నారు. అక్క మీసం కిందికి జరిపింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

చివరికి తాత లేచి నిలబడ్డాడు. ఎన్నిసార్లు టోపీ ఎత్తినా ఒకటే తీరు, కుట్టు తప్పని మిషన్‌లా. చూస్తున్న బావగారి కుడిచెయ్యి ఎందుకో పైకి లేచింది, మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. "చాలా బాగుంది" అన్నారు. ఆ చెయ్యి సంగతి మాకప్పుడు తట్టలేదు.

అక్క, నేను మేనేజరు దగ్గరికి వెళ్ళాం. "ఆదివారం పెట్టి చూద్దామమ్మా. నచ్చితే బొమ్మని ఉంచుతాను. దాని దగ్గర మనిషి కావాలో వద్దో తర్వాత చూద్దాం" అన్నాడు.

ఆదివారం తాత గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కన ఇస్త్రీ చొక్కాలో బావగారు. వచ్చేవాళ్ళు ఆగి చూస్తున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. ఎండెక్కింది గానీ తాత ఒక్కసారి తడబడలేదు. మేనేజరు మొహం చేటంత అయింది.

"అద్భుతమమ్మా! దీని దగ్గర మనిషితో పనే లేదు. పొద్దున్నే స్విచ్ వేస్తే చాలు." బావగారి వైపు తిరిగి, "మీరిక పార్కింగ్‌కి వెళ్ళిపోండి" అని ఆఫీసులోకి వెళ్ళాడు.

అక్క ఆయన కోసం చేసిన పని, మరీ బాగా చెయ్యడం వల్లే ఆయనకి ఎసరు పెట్టింది. నాకైతే ఆ మేనేజరుని తిరగలిలో వేసి తిప్పాలనిపించింది. బావగారు జేబులోంచి ఈల తీశారు.

అప్పుడే, చంటిపిల్లని ఎత్తుకున్న ఒకమ్మాయి దగ్గరికొచ్చి, "అంకుల్, మీరే కదా తాత వీపు మీద చరిచేవారు? టోపీ పైనే ఆగిపోతే 'తాతా, నిద్రపోయావా?' అనేవారు. మా చిన్నప్పుడు దానికోసమే వచ్చేవాళ్ళం" అంది.

"అది పాతదమ్మా, చెయ్యి పట్టేసేది. ఇది మా ఆవిడ చేసింది. ఇది ఆగదు" అన్నారు బావగారు. ఆ గొంతులో ఎంత గర్వమో చెప్పలేను.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది అక్క.

"ఇంత బాగా తిరుగుతుంటే వంకెలా పెట్టేది?"

అక్క సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. తాత కోటు పక్కకి లాగి, భుజం దగ్గర స్క్రూ వెతికి, ఎవరైనా చేస్తే తను ఊరుకోని పని తనే చేసింది. ఒక్క చుట్టు ఎక్కువ బిగించింది.

తాత తల తిప్పాడు, కళ్ళార్పాడు, టోపీ ఎత్తాడు. టోపీ పైనే ఆగిపోయింది. లోపలికి వెళ్ళబోతున్న పిల్లలు కూడా ఆగిపోయారు. బావగారు అక్క వైపు చూశారు. ఆమె చిన్నగా తలాడించింది.

"తాతా, నిద్రపోయావా?" అని వీపు మీద ఒక్కటి చరిచారు. టోపీ దబ్బున నెత్తిన పడింది, కాస్త వంకరగా. పిల్లలు ఘొల్లున నవ్వి, "మళ్ళీ! మళ్ళీ!" అని చుట్టూ మూగారు. కాసేపటికి బావగారు కనిపించలేదు, ఆ గుంపులోంచి గొంతు మాత్రం వినిపించింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో.

గోల విని మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఇదేంటమ్మా, ఆగిపోతోంది! పొద్దుట బాగానే ఉందిగా? బాగుచెయ్యండి."

అక్క స్క్రూడ్రైవరు సంచిలో పడేసి, అమాయకంగా మొహం పెట్టింది.

"నా చేతకాదండీ. ఆయన చరిస్తేనే దిగుతుంది."

ఈల ఇప్పుడు మా పెరటి గోడ మేకుకి వేలాడుతూ తుప్పు పడుతోంది. పక్కవాటా దానివి, నీకెందుకే ఇంత మిడిసిపాటు అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. టార్చి పట్టింది నేను కదా!